అమ్మాయిలకి పోస్టర్ పని, అబ్బాయిలకి కోడింగ్... ఇది టైటిల్ నైన్ కిందకి వస్తుందా?

రెండుజడలసీత:
అందరికీ నమస్తే అండి. ఎప్పట్నుంచో ఇక్కడ చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు, కాస్త పొడుగైతే ఏమనుకోకండి. మా పాప మిడిల్ స్కూల్, పబ్లిక్ స్కూలే. స్కూల్ రోబోటిక్స్ టీమ్ లో చేరింది, టీమ్ మొత్తానికి ఆడపిల్లలు ఇద్దరే. మొదట్లో ఎవరికి ఏం ఇష్టమో కాగితం మీద రాయమన్నారట, ఇది ప్రోగ్రామింగ్ అని రాసింది, ఇంట్లో పైథాన్ నేర్చుకుంది కూడా. తీరా చూస్తే ఆడపిల్లలిద్దరికీ ఇంజినీరింగ్ నోట్‌బుక్ (రోబో ఎలా తయారైందో రాసే పుస్తకం), పోస్టర్లు, కాంపిటీషన్ రోజు టేబుల్ అలంకరణ ఇచ్చారు. కోడ్ ఉన్న లాప్‌టాప్ పాస్‌వర్డ్ అబ్బాయిలకి మాత్రమే తెలుసు. అడిగితే కోచ్ నవ్వుతూ మీ రైటింగ్ నీట్ గా ఉంటుంది కదా, వీళ్ళు రాస్తే జడ్జిలకి అర్థమై చావదు అన్నాడట. మొన్న రోబో ఎడమవైపు తిరగాల్సిన చోట కొంచెం ఎక్కువ తిరిగి గోడకి కొట్టుకుంటుంటే ఇదే వెనకాల నిలబడి చూసి సెన్సర్ రీసెట్ చేయకుండా రెండో టర్న్ మొదలుపెడుతున్నారు అని చెప్పింది, పక్కబ్బాయి అది టైప్ చేశాడు, సరిపోయింది, శభాష్ వాడికి వచ్చింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

మా ఆయన వదిలెయ్ ఇంకో యాక్టివిటీ చూద్దాం అంటారు. మేము అమెరికాలో వీసా మీద ఉన్నాం, ఆయనది హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా, నాదీ పాపదీ దాని మీద వచ్చే హెచ్‌ఫోర్, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాం, అనవసరంగా కంప్లైంట్లు పెడితే ఏమైనా అవుతుందేమో అని ఆయన భయం. టైటిల్ నైన్ అంటే కాలేజీ స్పోర్ట్స్ కి సంబంధించిన అమెరికా చట్టం అనుకున్నా నేను. దీనికి వర్తిస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు:
సీత గారూ, వర్తిస్తుంది, నిక్షేపంగా. నేను స్కూల్ డిస్ట్రిక్ట్ లోనే పనిచేస్తా, లాయర్ని కాదు, కానీ ఈ ట్రైనింగ్ మాకు తప్పనిసరి కాబట్టి కొంత తెలుసు. స్పోర్ట్స్ చట్టం అని పేరు పడిపోయింది గానీ అసలు చట్టంలో ఆటల మాటే లేదు. 1972 లో వచ్చింది, జూన్ 23 న ప్రెసిడెంట్ నిక్సన్ సంతకం పెట్టాడు, ఇంగ్లీషులో ముఖ్యమైన వాక్యం మొత్తం 37 పదాలు. దాని సారాంశం ఏంటంటే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలో గానీ యాక్టివిటీలో గానీ ఆడా మగా అన్న కారణంతో ఎవర్నీ బయట పెట్టకూడదు, దక్కాల్సింది దక్కకుండా చేయకూడదు, వివక్ష చూపకూడదు. అంతే. క్లాసులు, క్లబ్బులు, కౌన్సెలింగ్, డిసిప్లిన్, ఆటలు, వేధింపులు అన్నీ అందులోకే వస్తాయి. స్కూల్ నడిపే రోబోటిక్స్ టీమ్ అంటే స్కూల్ యాక్టివిటీనే.

వీసా సంగతి: చట్టం కాపాడేది మనిషిని, సిటిజన్ ని మాత్రమే కాదు. హెచ్‌ఫోర్ పిల్లైనా ఏ కాగితాలూ లేని పిల్లైనా ఒకటే. మీరు కంప్లైంట్ ఇచ్చారని స్కూల్ కక్ష కడితే అది దానికదే ఇంకో ఉల్లంఘన. స్కూల్ కి రాసే కంప్లైంట్ కీ ఇమిగ్రేషన్ ఫైల్ కీ సంబంధం లేదు.

బేఏరియాబాబాయ్:
చట్టం సంగతి సరే. కానీ అమ్మా, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? కోచ్ అంటే సాధారణంగా ఎవరో టీచర్, సాయంత్రాలు తన టైమ్ పెట్టి చేస్తున్నాడు, ఆయన మీద టైటిల్ నైన్ అని కాగితం పడితే వచ్చే ఏడాది టీమే ఉండదు. పైగా రేపు హైస్కూల్ ప్రోగ్రామ్ కి రికమెండేషన్ కావాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలి. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇక్కడే పెరిగారు, నేను చూసిందేంటంటే టీచర్ తో నవ్వుతూ మాట్లాడితే సగం పనులు అయిపోతాయి. బయట బోలెడు ప్రైవేట్ రోబోటిక్స్ టీమ్ లు ఉన్నాయి, అందులో చేర్చండి, కోడింగ్ కూడా బాగా నేర్పుతారు.

రెండోసర్వ్:
బాబాయ్ గారూ గౌరవంతోనే చెప్తున్నా, ఇదే మాట మా నాన్న నాకు చెప్పారు. నేను ఇక్కడే పుట్టి పెరిగా, హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడా. అబ్బాయిల బేస్‌బాల్ గ్రౌండ్ కి లైట్లు, కరెంటు స్కోర్‌బోర్డు, కూర్చోడానికి పైకప్పు ఉన్న డగౌట్. మాకు చైన్‌లింక్ కంచె, వర్షం పడితే రెండో బేస్ దగ్గర చెరువు. లైట్లు లేవు కాబట్టి మా మ్యాచ్‌లు మధ్యాహ్నమే పెట్టాలి, అంటే ఆఖరి పీరియడ్ క్లాస్ ఎగ్గొట్టాలి, అంటే కెమిస్ట్రీ లాబ్ పోతుంది. అబ్బాయిలు సాయంత్రం ఆడేవాళ్ళు, వాళ్ళకి క్లాసులు పోయేవి కాదు. ఎవరైనా అడిగితే ఆ లైట్లు బూస్టర్ క్లబ్ (టీమ్ కోసం చందాలు పోగుచేసే) తల్లిదండ్రులు కొనిచ్చారమ్మా స్కూల్ డబ్బు కాదు అనేవాళ్ళు. కాలేజీకి వెళ్ళాక తెలిసింది ఆ సమాధానం చెల్లదని. డబ్బు ఎవరిచ్చినా సరే, ఇచ్చినదాన్ని స్కూల్ తీసుకుంటే రెండు వైపులా సదుపాయం సమానంగా ఉండేలా చూడాల్సింది స్కూలే. అప్పుడు ఒక్క అమ్మో నాన్నో ఒక్క మెయిల్ పెట్టుంటే సరిపోయేది. నవ్వుతూ మాట్లాడటం మా వాళ్ళందరూ చేశారు, నవ్వుతూనే పంపించేశారు.

సీత అక్కా, బయట టీమ్ లో చేర్చడం మీ ఇష్టం, కానీ పాప స్కూల్ లో ఫ్రీగా ఉన్నది వదులుకుని మీరు డబ్బు కట్టి బయటికి వెళ్ళాలా? అబ్బాయిల పేరెంట్స్ ఎవరైనా అలా వెళ్తున్నారా?

గోదారిగట్టు:
రెండోసర్వ్ చెప్పిన గ్రౌండ్ల కేసులు కోర్టుల దాకా వెళ్ళినవి చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలో స్వీట్‌వాటర్ స్కూల్ డిస్ట్రిక్ట్ మీద సాఫ్ట్‌బాల్ పిల్లలు వేసిన కేసు 2014 లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాకా వెళ్ళి పిల్లలే గెలిచారు. అందులో నాకు బాగా గుర్తుండేది ఏంటంటే పిల్లలు ఫిర్యాదు చేశాక వాళ్ళ కోచ్ ని తీసేశారు, కోర్టు దాన్ని కక్ష సాధింపు అంది.

బాబాయ్ గారు అన్న రికమెండేషన్ భయం ఉత్తుత్తి భయం అనను. 2005 లో జాక్సన్ వర్సెస్ బర్మింగ్‌హామ్ బోర్డ్ అని సుప్రీం కోర్టు కేసు ఉంది, అలబామాలో అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్, మగాయన, మా పిల్లలకి సమానంగా డబ్బూ పరికరాలూ ఇవ్వట్లేదు అని అడిగితే ఆయన్నే కోచింగ్ నుంచి తీసేశారు. తన మీద వివక్ష కాకపోయినా వేరేవాళ్ళ తరఫున అడిగి నష్టపోయినవాడు కూడా టైటిల్ నైన్ కింద దావా వేయొచ్చు అని కోర్టు తేల్చింది. కాబట్టి కాగితం మీద రక్షణ గట్టిగానే ఉంది. కానీ మనసులో పెట్టుకుని ముక్తసరిగా రాసిన రికమెండేషన్ ని మీరు ఎక్కడ నిరూపిస్తారు, అది నిజమే. అందుకే నేను చెప్పేది కోచ్ తో మొదలుపెట్టండి, కానీ నోటిమాటగా కాదు, మెయిల్ లో. జరిగింది జరిగినట్టు, ఏ తారీఖున ఏ పని ఎవరికిచ్చారు, ఆయన ఏమన్నాడు. వివక్ష, అన్యాయం లాంటి పెద్ద మాటలు వద్దు. ఆఖర్లో ఒక్క ప్రశ్న: వచ్చే మీటింగ్ నుంచి రోల్స్ ఎలా మారుస్తారో చెప్పగలరా? సమాధానం రాకపోతే అదే మెయిల్ ని టైటిల్ నైన్ కోఆర్డినేటర్ కి, అంటే డిస్ట్రిక్ట్ లో ఈ చట్టం అమలు చూసే ఉద్యోగికి, పంపండి. ప్రతి డిస్ట్రిక్ట్ కీ ఒక్కరైనా ఉండి తీరాలి, పేరు, మెయిల్, ఫోన్ వెబ్‌సైట్ లో పెట్టి తీరాలి. మీ డిస్ట్రిక్ట్ సైట్ లో అట్టడుగున చిన్న అక్షరాల్లో నాన్ డిస్క్రిమినేషన్ నోటీస్ అని ఉంటుంది చూడండి.

చింతచిగురు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, మగపిల్లలకి వర్తించదా ఇది? మావాడికి వాలీబాల్ పిచ్చి, హైస్కూల్లో అమ్మాయిల టీమ్ ఒక్కటే ఉంది. ట్రయల్స్ కి వెళ్తానంటే కుదరదన్నారు. ఆడపిల్లలకొక రూలూ మగపిల్లలకొక రూలూనా?

గోదారిగట్టు:
వర్తిస్తుంది, చట్టం ఇద్దరిదీ. కానీ ఆటల దగ్గర ఒక మెలిక ఉంది. కాంటాక్ట్ స్పోర్ట్ (ఒకరికొకరు తగులుతూ ఆడేది) కాని ఆటలో ఒకే టీమ్ ఉంటే రెండోవాళ్ళని ట్రయల్స్ కి రానివ్వాలి, అయితే ఎప్పుడంటే ఆ స్కూల్లో వాళ్ళకి ఇదివరకు ఆట అవకాశాలు తక్కువగా ఉండి ఉంటేనే. మామూలుగా స్కూళ్ళల్లో తక్కువ దొరికింది అమ్మాయిలకి కాబట్టి మీ అబ్బాయికి ఈ రూల్ సాయం చేయకపోవచ్చు. రాష్ట్రాన్ని బట్టి కూడా తేడాలుంటాయి. అబ్బాయిల టీమ్ పెట్టమని కొంతమంది పిల్లల్ని పోగేసి అడగడమే మీకు దగ్గరదారి. క్లాసుల విషయంలో మాత్రం మామూలుగా ఈ మెలిక లేదు, మీవాడు కుకింగ్ క్లాసో డాన్స్ క్లాసో కావాలంటే మగపిల్లాడివని ఆపడానికి లేదు.

బేఏరియాబాబాయ్:
సరే ఒక డౌటు. మా ఫ్రెండ్ కూతురు ప్రైవేట్ స్కూల్, చర్చి వాళ్ళది. అక్కడా ఇదేనా?

రెండోసర్వ్:
అక్కడ రెండు ప్రశ్నలు బాబాయ్ గారూ. ఫెడరల్ డబ్బు తీసుకుంటుందా, లేదా. లంచ్ ప్రోగ్రామ్ గ్రాంట్ అయినా చాలు. 1984 లో గ్రోవ్ సిటీ కాలేజీ కేసులో సుప్రీం కోర్టు డబ్బు ఏ విభాగానికి వెళ్తే ఆ విభాగానికే చట్టం అని కుదించింది, కాంగ్రెస్ ఒప్పుకోలేదు, 1988 లో ప్రెసిడెంట్ రీగన్ వీటో చేసినా దాన్ని కాదని ఇంకో చట్టం తెచ్చి సంస్థ మొత్తానికీ వర్తిస్తుంది అని చేసింది. టాక్స్ మినహాయింపు ఉండటమే ఫెడరల్ సాయం కిందకి వస్తుందా అని ఈమధ్య గొడవ జరిగింది, 2024 లో నాలుగో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కాదంది. రెండోది, మత సంస్థ నడిపే స్కూల్ అయితే తమ మత సిద్ధాంతానికి విరుద్ధమైన చోట మినహాయింపు ఉంది. రోబోటిక్స్ లో పోస్టర్ ఎవరు గీయాలి అన్నది ఏ మత సిద్ధాంతంలో ఉంటుందో నాకైతే తెలీదు 😀

పొరుగింటిపుల్లకూర:
నాకు కౌన్సెలర్ తో ఇలాంటిదే అయింది. మా అమ్మాయి ఏపీ (కాలేజీ స్థాయి) కంప్యూటర్ సైన్స్ క్లాస్ అడిగితే సైకాలజీ తీసుకో నీకు బాగా నప్పుతుంది అందట, అదే మార్కులు ఉన్న మా కజిన్ కొడుకుని మాత్రం ఏమీ అనకుండా సీఎస్ లో వేసింది. సలహా కదా, సలహాకి కూడా చట్టమేంటి అని ఊరుకున్నాం.

గోదారిగట్టు:
సలహాకీ ఉంది. టైటిల్ నైన్ రెగ్యులేషన్ లో కౌన్సెలింగ్ కి విడిగా ఒక సెక్షన్ ఉంది, ఆడా మగా బట్టి వేరే టెస్టులు వేరే మెటీరియల్ వాడకూడదు. అంతేకాదు, ఏదైనా క్లాసులో ఒక్క వైపు వాళ్ళే మరీ ఎక్కువ మంది ఉంటే అది కౌన్సెలింగ్ లో వివక్ష వల్ల కాదని స్కూలే చూసుకోవాలి. సీఎస్ క్లాసులో అమ్మాయిలెంతమంది అని స్కూల్ ని అడిగి చూడండి, ఇది ఎవరూ అడగరు, అడిగితే మా వాళ్ళకి కాళ్ళు వణుకుతాయి.

చింతచిగురు:
వేధింపులు అయితే? మా పక్కింటివాళ్ళ పాప గురించి గ్రూప్ చాట్ లో క్లాస్ అబ్బాయిలు చెత్త వాగుతున్నారట, ఇది ఇంట్లో ఫోన్ లో జరుగుతుంది కదా, స్కూల్ మాకేం సంబంధం అంటోంది.

గోదారిగట్టు:
మొత్తం సంబంధం లేదు అని అంత తేలిగ్గా తప్పుకోలేరు. ఇంట్లో ఫోన్ లో మొదలైనా స్కూల్ కి వచ్చి హాలులో వెక్కిరిస్తుంటే, క్లాసులో కూర్చోలేకపోతే, అది స్కూల్లో జరిగేదే కదా. తోటి పిల్లల వేధింపు మీద 1999 లో డేవిస్ వర్సెస్ మన్రో కౌంటీ అని కేసు ఉంది, జార్జియాలో ఐదో తరగతి పాప. తల్లి ఎన్నిసార్లు చెప్పినా టీచర్ కనీసం ఆ అబ్బాయి సీటు మార్చడానికి కూడా నెలలు తీసుకుంది. సుప్రీం కోర్టు 5-4 తో స్కూల్ బాధ్యత ఉంటుంది అంది, కానీ గీత చాలా ఎత్తులో పెట్టింది: వేధింపు తీవ్రంగా, పదేపదే, ఎవరు చూసినా తప్పే అనేంతగా ఉండి చదువు దెబ్బతినాలి, స్కూల్ కి విషయం తెలిసుండాలి, తెలిసి కూడా పట్టనట్టు ఉండాలి. డబ్బు నష్టపరిహారం కోసం దావా వేస్తే ఈ కొలత. స్కూల్ లోపలి ప్రక్రియకి అంత దూరం పోనక్కర్లేదు.

స్కూల్ కి తెలిసుండాలి అన్నదే ముఖ్యం. ఇప్పుడు నడుస్తున్నవి ఈ చట్టం మీద ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ పెట్టిన 2020 రూల్స్. 2024 లో కొత్తవి వచ్చాయి గానీ 2025 జనవరి 9 న కెంటకీ ఫెడరల్ జడ్జి కొట్టేశాడు. 2020 రూల్స్ ప్రకారం లైంగిక వేధింపు విషయంలో 12వ తరగతి దాకా ఉన్న స్కూళ్ళలో ఏ ఉద్యోగికి చెప్పినా స్కూల్ కి తెలిసినట్టే. టీచర్ కే చెప్పాలని లేదు, లంచ్ రూమ్ ఆవిడకి చెప్పినా సరిపోతుంది. ఆ పాప అమ్మానాన్నలని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమనండి, చెరిపేయొద్దనండి. ఫార్మల్ కంప్లైంట్ ఇవ్వకపోయినా సీటు మార్చడం, వేరే లంచ్ టైమ్, పరీక్ష వాయిదా లాంటి సాయం అడగొచ్చు. దాని కోసం ఆ పిల్లనే క్లాస్ మార్చేసి శిక్ష వేసినట్టు చేయకూడదు, ఇది మాత్రం గట్టిగా అడగమనండి, మా స్కూళ్ళకి ఆ అలవాటు ఉంది.

కొత్తమెంబర్22:
ఇదంతా సరే గానీ ట్రాన్స్ పిల్లలు స్పోర్ట్స్ లో

మోడరేటర్:
ఆ టాపిక్ కి విడిగా త్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి, ఇక్కడ వద్దు. సీత గారి ప్రశ్న మీదే ఉండండి. లాయర్లు ఎవరైనా ఉంటే ప్రకటనలు కూడా వద్దు.

రెండోసర్వ్:
థాంక్స్ మోడ్ గారు. ఒక్క చిన్న సంగతి చెప్పి ఆపేస్తా. ఈ చట్టం వెనక ఉన్నవాళ్ళలో ఒకావిడ పాట్సీ మింక్, హవాయి, జపనీస్ అమెరికన్. డాక్టర్ చదువుదామని మెడికల్ స్కూళ్ళకి అప్లై చేస్తే ఆడవాళ్ళని తీసుకోం అన్నట్టు అన్నీ తిప్పి పంపించాయి, చివరికి లా చదివి కాంగ్రెస్ కి వెళ్ళింది. 2002 లో ఆవిడ పోయాక చట్టానికి ఆవిడ పేరే పెట్టారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళం మనకెందుకు ఈ గొడవలు అంటారు కదా మన అంకుల్స్, వాళ్ళకి చెప్పండి. 1971-72 లో దేశం మొత్తం మీద హైస్కూల్ ఆటల్లో అమ్మాయిలు 3 లక్షల లోపు, ఇప్పుడు 30 లక్షలు దాటారు.

బేఏరియాబాబాయ్:
అంకుల్స్ అని నన్నే అన్నావని అర్థమైందిలే 😄 అడగందే అమ్మైనా పెట్టదు, ఒప్పుకుంటా. కానీ పద్ధతిగా అడగమనే నా మాట.

రెండుజడలసీత:
అందరికీ చాలా థాంక్స్ అండి, అప్‌డేట్ ఇస్తున్నా. గోదారిగట్టు గారు చెప్పినట్టు కోచ్ కి మెయిల్ పెట్టా, మా ఆయన పక్కన కూర్చుని రెండు వాక్యాలు కొట్టేయించారు, అవి కోపంలో రాసినవి, పోనీలే అనుకున్నా. కోచ్ నుంచి వచ్చిన జవాబు ఏంటంటే అమ్మాయిలు నోట్‌బుక్ ఇష్టపడే చేస్తున్నారు, టీమ్ కి అందరూ ముఖ్యమే అని. మా పాప రాసిన ఆ మొదటి కాగితం గురించి ఒక్క ముక్క లేదు. అదే మెయిల్ కోఆర్డినేటర్ కి పంపించా. ఆవిడ ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడింది, నేను ఫోన్ అయ్యాక మనం మాట్లాడుకున్నవి ఇవీ అని మళ్ళీ మెయిల్ పెట్టా, రికార్డు ఉంటుందని.

ఇప్పుడు రోల్స్ రెండు వారాలకి ఒకసారి మారుతున్నాయి, గోడ మీద చార్ట్ పెట్టారు, పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చారు. కోచ్ పాపతో ముభావంగా ఉంటున్నాడు, తిట్టడు, నవ్వడు. ఒకబ్బాయి వాళ్ళమ్మ పార్కింగ్ లాట్ లో నా దగ్గరికి వచ్చి మీ వల్ల మావాడికి రోబో డ్రైవింగ్ టైమ్ తగ్గింది అంది, ఆవిడా తెలుగావిడే. నాకు ఏం చెప్పాలో తోచలేదు, అవునండీ అన్నా.

రెండోసర్వ్:
అవునండీ అన్నావా 😂 అక్కా సూపర్. కోచ్ ముభావంగా ఉన్నది కూడా తారీఖు వేసి రాసిపెట్టుకో, మాట్లాడకపోవడం ఒక్కటే అయితే ఏమీ చేయలేం, కానీ టీమ్ లోంచి తీయడమో టోర్నమెంట్ కి తీసుకెళ్ళకపోవడమో జరిగితే అప్పుడు పనికొస్తుంది.

పొరుగింటిపుల్లకూర:
ఒక ప్రశ్న, స్కూల్ లోపల తేలకపోతే వాషింగ్టన్ కి రాయొచ్చు కదా? మా కౌన్సెలర్ విషయం పోయిన వసంతంలో జరిగింది, ఇప్పుడు రాస్తే తీసుకుంటారా?

గోదారిగట్టు:
ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ లో ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్ ఉంది, ఆన్‌లైన్ ఫారం, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, స్కూల్ లోపల ముందు ఫిర్యాదు చేసి ఉండాలని కూడా లేదు. గడువు జరిగిన రోజు నుంచి 180 రోజులు. పోయిన వసంతం అంటే దాటిపోయి ఉంటుంది, మినహాయింపు అడగొచ్చు, ఇస్తారని నమ్మకం పెట్టుకోకండి. కానీ ఈ ఏడాది మళ్ళీ కోర్సులు ఎంచుకునేటప్పుడు అదే జరిగితే అది కొత్త ఘటన, కొత్త లెక్క. ఇంకోటి, 2025 మార్చిలో ఆ ఆఫీసు 12 ప్రాంతీయ శాఖల్లో 7 మూసేశారు, మనుషుల్ని చాలామందిని తీసేశారు, కాబట్టి అక్కడ త్వరగా తేలుతుందని ఆశపడొద్దు. రాష్ట్ర ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ కి కూడా ఫిర్యాదు దారి ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో సొంత చట్టాలున్నాయి, ముందు అది చూడండి. కోర్స్ సెలక్షన్ ఫారం మీద సీఎస్ అని మీ అమ్మాయి చేతే రాయించి ఫోటో తీసి పెట్టుకోండి, కౌన్సెలర్ మారిస్తే ఎందుకు మార్చారో మెయిల్ లో అడగండి.

పొరుగింటిపుల్లకూర:
ఫారం వచ్చే నెలలో ఇస్తారట. ఫోటో తీసి పెడతా.